మొదటి సోల

"షాపులో ఆ పల్లెటూరి లెక్క ఆపవే. వినేవాళ్ళు నవ్విపోతారు," అన్నాడు మా ఆయన టైటస్, నేను బియ్యం మూట విప్పి సోలతో కవర్లలోకి పోస్తుంటే. తెనాలిలో మా నాన్న బియ్యం కొట్లో మొదటి సోలను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఐర్లండ్ వచ్చి, కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో కొట్టు పెట్టాక కూడా నా నోటికి వేరే లెక్క పట్టలేదు. బోర్డు మీద పేరు మాత్రం టైటస్‌ది. తను రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీకి వెళ్తాడు. శనివారాలు కౌంటర్ వెనక కూర్చుని, కొట్టు ఎలా నడపాలో నాకు చెబుతాడు. సరుకు తెప్పించడం, మూటలు మోయడం, వంట, మా అమ్మాయి నిస్సీ చదువు, ఇవేవీ ఎవరి లెక్కలోకీ రావు. ఏ బేరం ఎవరికి గిట్టుబాటో నాకు తెలుసు. తెలిసీ ఊరుకోవడం కూడా ఒక పెట్టుబడే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆరోజు సరుకులకొచ్చి, నవ్వకుండా విన్నది ఎబెలే అనే అమ్మాయి. అమ్మానాన్నలు నైజీరియా నుంచి వచ్చారు. తను పుట్టింది కార్క్‌లోనే. నర్సింగ్‌హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే పని చేస్తూ పాటలు కడుతుంది.

"మొదటిదాన్ని వన్ అనరెందుకు, ఆంటీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"కొలత మంచి మాటతో మొదలవ్వాలని. అది వస్తేనే కదా మిగతావి వచ్చేది."

ఎబెలే చేతిలోని సంచి కింద పెట్టేసింది. "నేను కడుతున్న పాటంతా ఆ వన్ గురించే. క్లాసులో నల్లపిల్లను నేనొక్కదాన్నే. స్కూల్ క్వయర్‌లో ఒక్కదాన్నే. బస్సులో అడక్కుండా జుట్టు ముట్టుకుంటారు. 'అసలు నీ ఊరేది' అంటారు. ఇదే అంటే నమ్మరు."

ఆ పాటను నాకు ఫోన్లో వినిపించింది. మొదట ఐరిష్ ఫిడేలు, చావింట్లో లాంటి నెమ్మది రాగం. దాని మీద వాళ్ళమ్మ చర్చి చప్పట్లు. తర్వాత కార్క్ యాసలో గబగబా మాటలు. మూడూ బాగున్నాయి, కానీ ఒకదానికొకటి అంటుకోలేదు.

"మధ్యలో ఏదో తక్కువైంది. నీ లెక్క ఇస్తావా?" అంది.

"నల్లోళ్ళ పాటలో నీకేం పని? సంఘంలో మనోళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు టైటస్ తెలుగులో. మాటలు తెలియకపోయినా ఎబెలే ముఖం వాడింది. అలాంటి గొంతులు తనకు కొత్త కాదు.

పెళ్ళిచూపుల్లో మా అత్తగారు అన్నమాట గుర్తొచ్చింది: "పిల్ల నలుపే, కానీ పనిమంతురాలు." ఆ బేరంలో నా రంగుకు తరుగు తీసి, నా చేతులకు ధర కట్టారు. అదే తరుగు ఇప్పుడు ఈ పిల్లకు తీస్తున్నాడు. నేను నోరు మూసుకుంటే, నాకు తీసిన తరుగునూ మళ్ళీ ఒప్పుకున్నట్టే.

"ఆదివారం వస్తాను," అన్నాను ఎబెలేతో.

ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. దుప్పట్లు వేలాడదీసిన గదిలో మైకు ముందు నిలబడ్డాను. చేతిలో సోల లేకపోతే నాకు లెక్క రాదు. కొట్టుకెళ్ళి సోల, బియ్యం పట్టుకొచ్చి, లాభం, రెండు, మూడు అంటూ కొలిచాను. గింజలు జారే చప్పుడు ఫిడేలుకీ చప్పట్లకీ మధ్య పడింది. అంతే, పాట అతుక్కుంది. ఎబెలే తన మాటల్లో వన్ ఉన్న ప్రతిచోటా అది కొట్టేసి లాభం అని రాసుకుంది. క్లాసులో లాభం నేను, బస్సులో లాభం నేను అని కార్క్ యాసలో పాడుతుంటే నా చేయి కొలుస్తూనే ఉంది.

"పాట కింద ఎవరి గొంతని వెయ్యను? బోర్డు మీది పేరేనా?" అని అడిగింది.

"కాదు. అబిగేయిల్ అని."

సాయంత్రం టైటస్ పాట ఊసెత్తకుండా బల్ల దగ్గర కూర్చుని, "అన్నం పెట్టు," అన్నాడు. ఎప్పుడూ ముందు తనకు, తర్వాత నిస్సీకి, అడుగున మిగిలింది నాకు. అలమారాలోంచి కంచాలు తీశాను. మొదటిది నా కుర్చీ ముందు పెట్టి, వేడన్నం వడ్డించాను.

"లాభం," అన్నాను.

టైటస్ నావైపు చూశాడు. ఇంట్లో ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే నిస్సీ ఫోన్ పక్కన పెట్టి, తన కంచం ముందుకు జరిపింది.

"రెండు," అంది.

దానికి వడ్డించాను. మూడు ఎవరు చెప్పాలో వాళ్ళే చెప్పుకుంటారని, గరిటె గిన్నెలో వదిలేసి తినడం మొదలుపెట్టాను.