మర్యాద తెలిసిన చేను

రోజూ పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి కాగేలోగా కోడలు గట్టు దాకా వెళ్లి చేను చూసి వచ్చేది. వరద తగ్గి పన్నెండు రోజులైంది. వరి నేలకు అంటుకుపోయి, బురదలో గింజ మొలకెత్తి వాసన వేస్తోంది. హమ్మయ్య, పడే ఉంది అనుకునేది. పంట పడి ఉన్నందుకు సంతోషించే ఖర్మ ఏ రైతుకూ పట్టకూడదు.

చిక్కల్లా అధికారి వచ్చినప్పుడే. నష్టం రాసుకునే ఆ అధికారి గట్టెక్కగానే చేను మొత్తం లేచి నిలబడేది. రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ అంతే. విత్తనం చల్లింది మామగారు మరి. ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసులో బంట్రోతుగా చేసి, బూట్ల చప్పుడు వినపడితే చాలు లేచి నిలబడ్డ మనిషి. చల్లిన చేతి అలవాటు చేనుకు రాకుండా ఎక్కడికి పోతుంది? చుట్టుపక్కల చేలన్నీ బుద్ధిగా పడుకుని సర్కారు సాయం జాబితాకెక్కాయి. పక్క చేను రైతు "మీ వరికి మర్యాద మరీ ఎక్కువమ్మా" అని నవ్వబోయి, కోడలి మొహం చూసి ఊరుకున్నాడు.

అధికారి చెడ్డవాడేం కాదు. గింజ నలిపి చూశాడు, నల్లటి పొడి రాలితే అయ్యో అన్నాడు కూడా. కానీ ఆయన ఫారంలో ఉన్నవి రెండే గళ్లు: పడింది, నిలబడింది. నిలబడ్డ పైరు ఫోటో పెట్టి పడిందని రాస్తే ఆయన ఉద్యోగం ఊడుతుంది. ఎల్లుండితో గడువు ముగుస్తుంది, ఆ రోజు ఇంకోసారి వస్తానని చెప్పి వెళ్లాడు.

సాయం రాకపోతే విత్తనాలు లేవు. విత్తనాలు లేకపోతే చేను వేరేవాళ్లకు కౌలుకిచ్చేస్తానని భూమి యజమాని మొహం మీదే చెప్పేశాడు. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ చేనూ, ఈ ముసలాయనా. ఆ రెండు రోజులూ కోడలు చెయ్యని పని లేదు. వరి దుబ్బుల మీద తడి గోనెలు కప్పింది, రాళ్లు పెట్టింది, బతిమాలింది, తిట్టింది. చివరికి మామగారి దగ్గరికే వచ్చింది.

"మామయ్యా, రేపు ఆయన వస్తే మీరు లేవకండి. మీరు లేవకపోతే అదీ లేవదేమో."

"చేను సంగతి తర్వాతమ్మా, నా మోకాళ్లే నా మాట వినవు" అన్నాడాయన.

అది నిజమే. కొడుకు శవం పక్కన కూర్చుని ఏడుస్తూ కూడా, పలకరించడానికి పాత ఆఫీసరు వస్తే లేచి నిలబడ్డాడు. ఆ రోజు సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది.

మర్నాడు దూరంగా మోటారు సైకిలు ఆగింది. గోనెలు జారాయి, రాళ్లు దొర్లాయి, వరి మెల్లగా తలెత్తింది. గట్టు మీద మామగారు అప్పటికే లేచి చేతులు కట్టుకున్నాడు. అయిపోయిందనుకుని కోడలు అక్కడే చతికిలబడింది. ఏడుపు కూడా రాలేదు.

మామగారు ఆమె వంక చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, నడుము ఎత్తు పైరులోకి దిగి, అధికారి కళ్ల ముందే బురదలో వెల్లకిలా పడుకున్నాడు. మోకాళ్లు పైకి లేస్తుంటే రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

"క్షమించండి సార్. ఇవాళ నేను లేవను."

ఆయన పక్కనున్న దుబ్బు ముందు వాలింది. తర్వాత దాని పక్కది. అలా వాలుతూ వాలుతూ చివరి మడి దాకా వెళ్లింది. అధికారి ఫోటో తీసుకుని, మొదటి గడిలో టిక్కు పెట్టి, కోడలి చేత సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు.

బండి చప్పుడు వినపడకుండా పోయాక కోడలు చెయ్యి అందించింది. "ఆయన వెళ్లిపోయారు మామయ్యా, లేవండి."

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు గానీ లేవలేదు. బురదలో అలాగే పడుకుని ఆకాశం చూస్తున్నాడు.

"కాసేపుండమ్మా" అన్నాడు. "ఈసారి విత్తనం మాత్రం నువ్వే చల్లు."