చివరి చాప మీద స్తెఫను

ప్రసంగం మధ్యలో మనిషి నిద్రపోతే పాస్టరుకు ఎంత మండుతుందో పాస్టరుకే తెలుసు. నాకు వారం వారం మండేది. గోదావరిఖని గుడిసెల మధ్య మా రేకుల మందిరంలో, చివరి చాప మీద, గోడకు వీపు ఆనించి స్తెఫను కూర్చునేవాడు. బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. రాత్రి షిఫ్టు దిగి, మొహం కడిగీ కడగకుండా నేరుగా వచ్చేవాడు. మొదటి పాటకు చప్పట్లు కొట్టేవాడు. నేను వాక్యం తెరిచానో లేదో, గడ్డం గుండెల మీద వాలిపోయేది.

అంతటితో ఆగినా బాగుండేది. అతణ్ని సిగ్గుపరుద్దామని నేను చటుక్కున మాట ఆపితే, ఆ క్షణమే కళ్లు తెరిచి, అటూ ఇటూ చూసి, "ఆమేన్" అనేవాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. వెక్కిరిస్తున్నాడనే అనుకున్నాను.

నాది మెదక్ వైపు. ఇక్కడికి వచ్చి ఆరేళ్లు. మూడు షిఫ్టుల ఊళ్లో ఎప్పుడు పోయినా సగం ఇళ్లలో మనుషులు పడుకునే ఉంటారు, తలుపు తట్టాలంటే భయం. ప్రార్థన కూడికకు పిలిస్తే "డ్యూటీ ఉన్నది అయ్యగారు" అంటారు. ఆరేళ్లలో నేను విత్తింది ఏం మొలిచిందో నాకు కనపడలేదు. నా ప్రార్థనలు కూడా హాజరు పలికినట్టే తయారయ్యాయి. అలసిపోయాను. ఆ మాట నా భార్య సుగుణమణికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

డెబ్బై మూడు ఎండాకాలం. రేకులు కాగుతున్నాయి. వారమంతా కూర్చుని తయారుచేసుకున్న ప్రసంగం మధ్యలో స్తెఫను గురక పెట్టాడు.

"స్తెఫనూ, నిద్రొస్తే ఇంటికి పోయి పండుకో. ఇది సత్రం కాదు" అన్నాను, అందరి ముందర.

అతను లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత మూడు ఆదివారాలు రాలేదు. అతనితో పాటు రాత్రి షిఫ్టు వాళ్లంతా ఒక్కొక్కరే మానేశారు. వెనక చాపలు పరచడం దండగని సుగుణమణి చుట్టి మూలకు పెట్టింది.

బదిలీ చేయమని పెద్దలకు జాబు రాశాను. చేయకపోతే ఈ సేవే మానుకుంటానని కూడా రాశాను. కవరు అంటిస్తుంటే సుగుణమణి చూసింది.

"డబ్బాల వేసే ముందట స్తెఫను ఇంటికి పోయి రారాదు?"

"పోయి కాళ్లు పట్టుకోమంటవా?"

"పట్టుకుంటరో తిడతరో మీ ఇష్టం. పోయేటోళ్లు మొహం చూసి పోవాలె గద."

కోపంగానే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. స్తెఫను గడపలో కూర్చుని గొడ్డలికి పదును పెడుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అతని భార్య సారవ్వ నాకు పీట వేసింది.

"నారాజైనవా స్తెఫనూ?"

"నారాజేంది అయ్యగారు. మీరు చెప్పేటప్పుడు పండుడు తప్పే."

"ఇంట్ల పండుకొని వస్తె అయిపాయె గద."

అతను గొడ్డలి తిప్పి రెండో వైపు రాయికి ఆనించాడు. సారవ్వే అంది. "ఇంట్ల పండడయ్యగారు. ఎనిమిది నెలలాయె. మంచంల ఒరిగి పైకప్పు దిక్కు చూస్తుంటడు. ఒక్క మందిరంలనే కన్ను మూస్తుండె. అది దేవుని దయ అనుకున్న నేను."

స్తెఫను గొడ్డలి పక్కన పెట్టాడు.

"బాయిల జోడీతోని పనిచేస్తం అయ్యగారు. పండొద్దనే రూలు. కాని మనిషే గద. ఒకడు కునుకు తీస్తె ఇంకొకడు పని చేసుకుంట కప్పు చప్పుడు ఇంటుంటడు. నా జోడీ ఆగయ్య. గా దినం నేను దుంగకు ఒరిగి కండ్లు మూసిన. ఆయన గొడ్డలి చప్పుడు ఆగింది. ఏందని లేచేలోపల నన్ను నూకిండు. కప్పు ఆయన మీద వడ్డది. దవాఖానల కాలు తీసేసిన్రు. సొంతూరు కాసిపేటకు పోయిండు."

పదునురాయి గడప పక్కకు జరిపి మళ్లీ అన్నాడు. "గప్పటిసంది నిద్ర లేదు. మందిరంల మీరు నిలవడి చెప్తుంటరు. మీ గొంతు ఇనవడ్డంతసేపు ఒక మనిషి మేలుకొని ఉన్నడని ధీమా. గొంతు ఆగితె తెలివొస్తది. ఎక్కిరించింది కాదయ్యగారు."

నాకు సిగ్గేసింది. బాయిలో కప్పు కూలిన సంగతి ఎనిమిది నెలల కిందటే విన్నాను. ప్రాణాలు పోలేదు, దేవునికి స్తోత్రం అని ఆ ఆదివారం ఒక మాట అనేసి పాట సంఖ్య చెప్పాను. ఎవరి కాలు పోయింది, పక్కన ఎవరున్నారు అని అడగలేదు. ఎనిమిది నెలలు అతణ్ని చూస్తూ గొణుక్కున్నాను తప్ప, ఎందుకు నిద్రపోతున్నావని ఒక్కసారి అడగలేదు.

ప్రార్థన చేద్దామని తల వంచాను. నోటికొచ్చినవి ఆ హాజరు మాటలే, ఆపేశాను. స్తెఫనే చేశాడు. "తండ్రీ, అయ్యగారికి బలమియ్యి. నిరుడుసంది ఆయన గొంతుల జీవం లేదు" అన్నాడు. నిద్రలో విన్న మనిషికి అది తెలిసింది. నాకోసం ఒకరు ప్రార్థన చేయగా విని ఎన్నాళ్లయిందో. అక్కడే ఏడ్చేశాను.

ఆదివారం వెనక చాపలు నేనే పరిచాను. స్తెఫను వచ్చాడు. పది నిమిషాల్లో గడ్డం వాలింది. నలభై నిమిషాలకు నా ప్రసంగం అయిపోయింది. ఆపితే లేస్తాడు.

చేతిలో ఇంకేమీ లేదు. బైబిలు పేజీలు తిప్పి, ఏ పాస్టరూ ముట్టని వంశావళులు పట్టుకున్నాను. పోస్టు చేయని జాబు ఆ పేజీల మధ్యే అడ్డమొచ్చింది. తీసి జేబులో కుక్కాను. ఎవరికి ఎవరు పుట్టారో, వాళ్లకు ఎవరు పుట్టారో, నోరు తిరగని పేర్లన్నీ చదివాను. జనం మొహమొహాలు చూసుకున్నారు. సుగుణమణి చెంబుతో నీళ్లు తెచ్చింది. గుక్కెడు తాగేలోపు స్తెఫను కదిలాడు, గబుక్కున మళ్లీ అందుకున్నాను. అలసట పోయిందని అబద్ధం చెప్పను. మోకాళ్లు లాగాయి, గొంతు జీరబోయింది. అయినా ఆపబుద్ధి కాలేదు.

పదకొండున్నరకు తనంతట తానే లేచాడు. మొహం తేటగా ఉంది.

"అయిపాయెనా అయ్యగారు?"

"ఇంకా చానా పేర్లున్నయి స్తెఫనూ" అన్నాను. "వచ్చే వారం గూడ రా."