వదిన ఎక్కితేగానీ బోర్డు కాదు

అలల మీద నిలబడి, పొడవాటి తెడ్డు వేసుకుంటూ పోయే బోర్డులు చేయడంలో మేస్త్రికి ఆ తీరమంతటా మంచి పేరుంది. ఫోమ్ దిమ్మను కోసి, చెక్కి, దాని మీద ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ జిగురు పట్టించి, గరుకు కాగితంతో చంటిపిల్ల బుగ్గలా నున్నగా తేలేదాకా రుద్దుతాడు. అన్నీ బాగానే ఉన్నాయిగానీ, తను చేసిన బోర్డు మీద తను మాత్రం నిలబడలేడు. చిన్నప్పటి నుంచీ కళ్ళు తిరిగే జబ్బు. ప్యాంటు వేసుకోవాలన్నా ఓ చేత్తో గోడ పట్టుకోవాల్సిందే.

నిలబడేది వాళ్ళ వదిన.

వదిన సిటీ బస్సు డ్రైవరు. నలభై ఆరేళ్ళుంటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి పాదాలు. ఆమె బస్సెక్కినవాళ్ళు రెండు స్టాపులు దాటకముందే కునుకు తీస్తారని డిపోలో అందరూ ఆమెను ‘నిద్రమాత్ర’ అంటారు. బ్రేకు వేసిన సంగతీ తెలియదు, గేరు మార్చిన సంగతీ తెలియదు. ఎనిమిదేళ్ళ కిందట మేస్త్రి తన మొదటి బోర్డును ఇసకలో పెట్టుకుని, ఎక్కే మనిషి కోసం దిక్కులు చూస్తుంటే, క్యారేజీ ఇచ్చిపోదామని వచ్చిన వదిన చెప్పులు విడిచేసి “జరుగు, నేనెక్కుతా” అంది. ఈత ముందే వచ్చు. మిగతాది ఆ పూటే నేర్చేసుకుంది. అప్పట్నించీ ఆమె ఎక్కి, దిగి, సరేనంటే తప్ప ఏ బోర్డూ షెడ్డు గుమ్మం దాటలేదు.

ఈసారిది కొత్త రకం. తీరాన అలల ఆట నేర్పే బడివాళ్ళు అడిగారు. పొద్దున్నే నిలకడ నీళ్ళలో కొత్తవాళ్ళు ఎక్కాలి, సాయంత్రం అదే బోర్డు మీద చెయ్యి తిరిగినవాళ్ళు అలలు పట్టాలి. ఆదివారానికల్లా కావాలన్నారు. మేస్త్రి మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకుని, తొమ్మిదిన్నర అడుగుల పొడవుతో, నడుం దగ్గర వెడల్పుగా, తోక దగ్గర సన్నగా ఒకటి చెక్కాడు. చెక్కినంతసేపూ తనలో తను నవ్వుకున్నాడు. చివరికి అది బల్ల మీద తళతళలాడుతుంటే, ఇక దీనికి వంక పెట్టే మనిషి పుట్టలేదనుకున్నాడు.

బుధవారం పొద్దున్న రాళ్ళకట్ట లోపల, అలలు రాని చోట దించారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వదిన బోర్డు మధ్యలో నిలబడి కుడివైపు తెడ్డు వేయడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... మేస్త్రి ఒడ్డున లెక్కపెడుతున్నాడు. తొమ్మిది సార్లు ఒకే పక్కన వేసినా బోర్డు ముక్కు పక్కకు తిరగలేదు. కట్ట చివరిదాకా గీత గీసినట్టు వెళ్ళింది. వచ్చేటప్పుడు ఆమె ముందుకూ వెనక్కీ నడిచింది, ఒంటికాలి మీద నిలబడింది, చివరికి కళ్ళు మూసుకుని మరీ నిలబడింది.

“ఎలా ఉంది?” అన్నాడు మేస్త్రి, జవాబు తెలిసినవాడిలా.

“బుద్ధిమంతురాలు. కొత్తవాళ్ళని కిందపడెయ్యదు.”

“అంతేనా?”

“నీళ్ళు ఊరుకుంటే ఎవరైనా బుద్ధిగానే ఉంటారు మరిదీ. రేపు చూద్దాం.”

గురువారం కట్ట బయటికి వెళ్ళారు. నడుం ఎత్తు అలలు, ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా వస్తున్నాయి. మొదటి అల బాగానే పట్టింది. బోర్డు ముందుకు జారింది. వదిన వెనక కాలు తోక మీదికి జరిపి, తెడ్డు నీళ్ళలో గుచ్చి మలుపు తిప్పింది. అంతే, తోక సర్రున పక్కకు జారిపోయింది. వదిన నీళ్ళలో పడింది.

మేస్త్రి పెద్దగా పట్టించుకోలేదు. రెండోసారి కూడా అలాగే పడింది. మూడోసారీ అంతే. ఐదోసారికి మేస్త్రి గోళ్ళు కొరకడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళలో ఆమె అన్నిసార్లు పడగా చూడలేదు. అయినా మనిషి మొహంలో చిరాకన్నది లేదు. లేచిన ప్రతిసారీ కాలు ఓ వేలెడు ముందుకో వెనక్కో మార్చి, మళ్ళీ ఎక్కుతోంది. ఎక్కడ పెడితే జారుతుందో, ఎక్కడ పెడితే జారదో వెతుకుతోందని అతనికి అప్పుడు అర్థమైంది. ఆమె పడటం లేదు, పరీక్షిస్తోంది. పదకొండోసారి పడ్డాక బోర్డు చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

“వాన రోడ్డు మీద అరిగిన టైరులా ఉందయ్యా. స్టీరింగు తిప్పితే ముందు తిరుగుతోంది, వెనక తన దారిన తను పోతోంది.”

“అడుగున రెక్కలు సరిగ్గానే బిగించానే!”

“రెక్కలు కావు. ఇక్కడ.” తడి వేళ్ళతో తోక అంచును కింది నుంచి నిమిరింది. “మరీ గుండ్రంగా చేశావు. నీళ్ళు అంచును వదలకుండా చుట్టుకుని పైకి వస్తున్నాయి. పట్టు దొరకడం లేదు.”

మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు. ఆ గుండ్రదనం కోసమే రెండు రోజులు రుద్దాడు మరి. బోర్డును వ్యానెక్కించి ఇంటికొచ్చాడు. షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకుని, కోపం చల్లారాక, అంచు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. ఆమె చెప్పింది నిజమే. ముచ్చటగా ఉంది గానీ పని చేయదు. అదే మధ్యాహ్నం తోక దగ్గర అడుగున్నర మేర టేపుతో గట్టు కట్టి, రెసిన్ పోసి, గట్టిపడ్డాక రుద్దుతూ పదునైన అంచు తీశాడు. వేలు ఆనిస్తే తగలాలి, కోసుకోకూడదు. శుక్రవారమంతా దానికే పోయింది.

శనివారం సముద్రం మారిపోయింది. రాత్రి నుంచీ గాలి ఒడ్డు వైపే కొడుతోంది. మనిషి తల ఎత్తు అలలు. అప్పటికే నలుగురు కుర్రాళ్ళు బోర్డులతో దిగుతున్నారు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. కొత్త అంచు చూపించుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

వదిన ఇసకలో కూర్చుంది. పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఆమె అలల మీంచి చూపు తిప్పడం లేదు. ముప్పావుగంటకు లేచి ఇసక దులుపుకుంది.

“పద, ఇంటికి.”

“ఇంటికా? రేపే ఇవ్వాలి వదినా!”

“ఇవాళ వద్దు.”

మేస్త్రికి ఒళ్ళు మండింది. నోరు జారాడు. “భయమేసిందా ఏంటి?”

“వేసింది” అంది వదిన, ఎవరో టైమెంతని అడిగితే చెప్పినంత మామూలుగా. “అదుగో చూడు. అల ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కసారే గోడలా కూలుతోంది. పట్టుకున్నా పక్కకు పోవడానికి సందు లేదు. దాని కింద పడినా నేను లేస్తాను. కానీ బోర్డు మంచిదో చెడ్డదో దీంట్లో తేలదు. తేలని పరీక్షకి ఎముకలెందుకు?”

అంతలోనే ఒక కుర్రాడు నీళ్ళలోంచి కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో తెడ్డు సగమే ఉంది. మేస్త్రి తల వంచుకున్నాడు. ఎక్కగలిగిన ధైర్యాన్ని ఇన్నేళ్ళూ మెచ్చుకుంటూ వచ్చాడు. అంతమంది దిగుతుంటే చూసి కూడా, నాకు భయమేసిందని చెప్పి లేచిపోగలగడం అంతకంటే పెద్ద సంగతని ఆ పూట తెలిసింది. “తప్పయింది వదినా” అన్నాడు. “బోర్డు అటుపక్క పట్టుకో” అందామె.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, మర్నాడు గాలి తగ్గుతుందనీ అలలు మాత్రం అలాగే ఉంటాయనీ మేస్త్రి నోరుజారాడు. అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అన్నయ్య దర్జీ. నెమ్మదస్తుడు. తొలి ఏడాది ఒకసారి భార్యను అల ముంచేయడం కళ్ళారా చూసి, ఆమె తేలేలోపు తన ఆయుష్షు సగం అయిపోయిందంటాడు. మళ్ళీ ఒడ్డుకు రాలేదు. కానీ ఆదివారం తెల్లారేసరికి, ఎవరూ పిలవకుండానే, పెద్ద తువ్వాలు భుజాన వేసుకుని వ్యానులో కూర్చుని ఉన్నాడు. ఒడ్డుకు చేరాక సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

“నేను చూడను. నువ్వు చెబుతూ ఉండు.”

గాలి నిజంగానే తగ్గింది. అలలు తల ఎత్తునే ఉన్నాయి గానీ, ఎడమ నుంచి కుడికి ఒక పద్ధతిగా, చాప విప్పుతున్నట్టు విచ్చుకుంటున్నాయి. వదిన ఐదు నిమిషాలు చూసి, బోర్డు తాడు కాలికి కట్టుకుని దిగింది.

“ఏం చేస్తోందిరా?”

“మోకాళ్ళ మీద పోతోంది. నురగ దాటింది. ఇంకోటి వస్తోంది... దాని మీంచి దాటింది. ఇప్పుడు లేచి నిలబడింది.”

“తర్వాత?”

“ఆగింది. రెండు అలలు వదిలేసింది.”

“ఎందుకు?”

“నచ్చలేదేమో అన్నయ్యా, నన్నడిగితే? ఆ... మూడోదానికి తిరిగింది. తెడ్డు వేస్తోంది. గట్టిగా వేస్తోంది. అల కిందికి వచ్చింది. లేపింది...”

ఆ తర్వాత మేస్త్రి నోట మాట రాలేదు.

అల ఆమెను ఎత్తుగా లేపింది. బోర్డు ముక్కు కిందికి వాలింది, జారింది. వదిన మోకాళ్ళు వంచి, వెనక కాలు తోక మీద సరిగ్గా ఆ పదునైన అంచు పైకి తెచ్చి, తెడ్డు ఆకును నీళ్ళ మీద ఆనించింది. తోక జారలేదు. పట్టుకుంది. నిలువునా లేచిన ఆ పచ్చటి నీటిగోడ మీద బోర్డు పైకి పాకి, అక్కడ వంగి, మళ్ళీ కిందికి వచ్చింది. ఎక్కడా కుదుపు లేదు. ఆమె అలతో పోట్లాడటం లేదు, దాన్ని తొందరపెట్టడం లేదు. అది ఎంత ఇస్తే అంతే తీసుకుంటోంది. నలభై ఆరేళ్ళ మనిషి, రోజూ ఎనిమిది గంటలు సీట్లో కూర్చునే మనిషి, నీళ్ళ మీద అంత తేలిగ్గా ఎలా నిలబడుతుందో మేస్త్రికి ఎనిమిదేళ్ళుగా అంతుపట్టలేదు. ఇవాళా పట్టలేదు.

“ఒరేయ్! ఏమైందిరా? చెప్పవేం?” అన్నాడు అన్నయ్య. తమ్ముడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఘోరం జరిగిపోయిందనుకుని గిర్రున వెనక్కి తిరిగాడు.

తిరిగేసరికి వదిన ఆఖరి మలుపులో ఉంది. వెనక తెల్లగా విరుగుతున్న నురగకు ఓ మూర ముందు, నిటారుగా, తెడ్డు అడ్డంగా పట్టుకుని వస్తోంది. అల ఓపిక అయిపోయి చదునైపోయేదాకా వచ్చి, లోతు తక్కువ నీళ్ళలోకి మెల్లగా దిగింది.

“తోక పట్టింది మరిదీ!” అని దూరం నుంచే కేకేసింది. దగ్గరికొచ్చాక గొంతు తగ్గించి, “ముక్కు మాత్రం కొంచెం బరువు. తర్వాతి దానికి చూసుకో. దీన్ని బడివాళ్ళకి నిశ్చింతగా ఇచ్చెయ్” అంది.

మేస్త్రి ‘ఎంత గొప్పగా చేశావో’ అనబోయి, “పాదాలు ఎక్కడ పెట్టావో చెబితే అక్కడ మెత్తటి ప్యాడ్ అతికిస్తా” అన్నాడు. వదిన వేలితో రెండు చోట్లు చూపించింది. అతను పెన్సిలు తీసి గుర్తు పెట్టుకున్నాడు.

అన్నయ్య బూట్లతోనే మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చేశాడు. తువ్వాలు భార్య భుజాల చుట్టూ కప్పబోయి, ఆగిపోయి, ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

“చలిగా ఉందా?” అన్నాడు.

“లేదు.”

“అలసిపోయావా?”

“అబ్బే.”

“అయితే” అన్నాడు అన్నయ్య, తువ్వాలు మళ్ళీ తన మెడలోనే వేసుకుంటూ, “ఇంకోసారి వెళ్ళిరాకూడదూ? నేను మొదటి నుంచి చూడలేదు.”

వదిన పకపకా నవ్వి, బోర్డును అలల వైపు తిప్పింది.