అత్త గొంతు సెట్టింగు

మైకు మీది స్పాంజి తొడుగు తీసి, దులిపి, మళ్ళీ తొడిగి, గడియారం అక్క రికార్డింగు గది మూలనున్న పీటను లాక్కొచ్చి ఎత్తు కుర్చీ కింద పెట్టింది. సాయంత్రం వెళ్ళేముందు ఓనరు పీటను కాలితో మూలకు తోస్తాడు. పొద్దున్నే వచ్చి ఆమె మళ్ళీ కుర్చీ కిందికి లాగుతుంది. ఈ యుద్ధం మొదలై రెండు నెలలైంది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు.

యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఇరవై రెండో ఏట టేపులు చుట్టే పనికని ఈ స్టూడియోలో చేరింది. అప్పట్లో ఇక్కడ మంచమంత మిక్సింగు బల్ల ఉండేది, దాని మీద తిప్పే నాబ్‌లు వందల్లో. ఈవిడ కుదిర్చి పెట్టుకున్నవాటిని తర్వాత వచ్చినవాళ్ళు ఇష్టం వచ్చినట్టు తిప్పేసేవాళ్ళు. ఎవరితో పోట్లాడినా లాభం లేదని తెలిసి, పని కాగానే ఏ నాబ్ ఎటు చూస్తోందో గడియారం ముల్లులా లెక్కకట్టి పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. మొదటిది తొమ్మిది. రెండోది పదకొండున్నర. మూడోది రెండు. కొన్నేళ్ళకు బల్ల పోయి కంప్యూటరు వచ్చింది, నాబ్‌లు తెర మీద బొమ్మలయ్యాయి. ఇక అన్నీ కంప్యూటరే గుర్తుపెట్టుకుంటుంది, ఆ పుస్తకం పారెయ్యమని అందరూ చెప్పారు. ఆమె శ్రద్ధగా విని, కొత్త పుస్తకం కొనుక్కుంది. పేరు అలా వచ్చింది.

ఈరోజు ఆ సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది పెడుతున్నారు.

ఆమెకు దిగులు అంతా ఒక్క గొంతు గురించే. పదిహేడేళ్ళ కిందట సిటీ బస్సుల్లో స్టాపుల పేర్లు చెప్పడానికి రావలసిన అమ్మాయి రాలేదు. ఆ సమయానికి గడియారం అక్క అత్తగారు, కోడలు మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి వాచ్‌మన్‌కి చెప్పులు ఎక్కడ విప్పాలో కాదు, ఎక్కడ విప్పకూడదో బోర్డు పెట్టమని సలహా ఇస్తోంది. ఆ గొంతు లోపలిదాకా వినిపించింది. ఊరికే పరీక్షకని కూర్చోబెట్టారు. ఎత్తు కుర్చీలో కాళ్ళు నేలకు ఆనక మాట తేలిపోతుంటే, కోడలు స్టూడియో వంటగదిలోంచి పీట తెచ్చి కాళ్ళ కింద వేసింది. అంతే, గొంతు నిలబడింది. ఆరోజు నుంచి ఈ ఊళ్ళో బస్సెక్కిన ప్రతివాళ్ళకూ ఆవిడ గొంతు తెలుసు. ముఖం ఎవరికీ తెలియదు.

ఇంట్లో ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఆవిడ కొడుకు, అంటే ఈవిడ మొగుడు, పోయి పదకొండేళ్ళు. తర్వాత విడిపోతారని చుట్టాలందరూ అనుకున్నారు. అనుకున్నారు కాబట్టే ఇద్దరూ పట్టుబట్టి కలిసి ఉన్నారు.

ఇప్పుడు ఆవిడకు ఎనభై ఒకటి. గొంతు సన్నబడింది. కొత్త స్టాపు వచ్చినప్పుడల్లా ఆ పేరు పాత పేర్లలో కలిసిపోయేలా కోడలు సరిచేస్తూ వచ్చింది. కంప్యూటరులో ఆ సెట్టింగులన్నీ వరసగా ఉంటాయి: అత్త ఉదయం, అత్త జలుబు, అత్త పళ్ళు లేకుండా, అత్త కొత్త పళ్ళు. కొత్త పళ్ళతో ‘స’ పలికితే ఈల వస్తుంది. పోయిన వారం రికార్డు చేసిన పద్నాలుగు పేర్లలో ‘పాత ఆస్పత్రి’ అనేది ఒకటుంది.

“ఏమే, ఆ ఆస్పత్రి మళ్ళీ ఓసారి చెప్పమంటావా?” అని పొద్దున అత్తగారు అడిగింది.

“అక్కర్లేదత్తయ్యా. నేను సరిచేస్తాగా.”

“నువ్వేం సరిచేస్తావు. సరిచెయ్యాల్సింది ఆ పళ్ళ డాక్టర్ని. కంప్యూటరు గొంతు పెడతానంటున్నాడటగా మీ ఓనరు? బస్సులో నిద్రపోయేవాణ్ణి లేపాలని దానికి తెలుస్తుందా? నేను చెప్తే లేస్తారు.”

“లేస్తారు. భయపడి.”

“లేచారా లేదా?”

పద్నాలుగు పేర్లూ ఈరోజు అయిదింటికల్లా బస్సు కంపెనీకి వెళ్ళాలి. పాతవాటితో కలవకపోతే మొత్తం తీసేసి యంత్రం గొంతు పెట్టేస్తామని ఓనరు ముందే మాట ఇచ్చి వచ్చాడు. అందుకే ఆమె నిన్ననే సెట్టింగులన్నీ ఎక్స్‌పోర్టు చేసి, ఒక కాపీ పెన్‌డ్రైవులో, ఇంకో కాపీ రికార్డింగులు దాచే విడి డిస్కులో పెట్టుకుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని ధీమా.

పదింటికి సాఫ్ట్‌వేరు కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. బట్టతల, మెడలో కళ్ళజోడు, నెమ్మదస్తుడు. పాత డిస్కు తుడిచేసి కొత్తది ఎక్కించడానికి పన్నెండున్నర దాటింది. ఆమె పెన్‌డ్రైవు ఇచ్చింది. పేర్లన్నీ వరసలో వచ్చి నిలబడ్డాయి. అత్త ఉదయం, అత్త జలుబు, ఒక్కటి కూడా తప్పిపోలేదు.

“చూశారా మేడమ్, అన్నీ వచ్చేశాయి,” అన్నాడు.

ఆమె ‘పాత ఆస్పత్రి’ నొక్కింది. స్పీకర్లలోంచి ఈల వచ్చింది. ఈల వెనకాల ఒక ముసలి గొంతు, సన్నగా, అలిసిపోయి. ఒక్కొక్క సెట్టింగూ తెరిచి చూసింది. అన్నింటిలోనూ సున్నాలే.

టెక్నీషియన్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు వెతికాడు. “మేడమ్, ఎక్స్‌పోర్టు చేస్తే పేర్లు, గొంతు సరిచేసే ఏ పనిముట్టు తర్వాత ఏది అనే వరస, ఇవే వస్తాయి. లోపలి అంకెలు ప్రతి పనిముట్టుకీ వేరే ఫోల్డరులో ఉంటాయి. అది విడిగా కాపీ చెయ్యాలి.”

“రెండో కాపీ?”

“అదీ అలాగే చేశారు కదా.”

అలాగే చేసింది. ముప్పై నాలుగేళ్ళ అనుభవంతో ఒకే తప్పును జాగ్రత్తగా రెండు చోట్ల దాచుకుంది. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

ఓనరు తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. “వదిలెయ్ అక్కా. కొత్తదాంట్లో రెడీమేడ్ సెట్టింగులు వెయ్యున్నాయి. అసలా కంప్యూటరు గొంతే పెట్టేద్దాం, పీడా పోతుంది. బస్సులో ఎవడు వింటాడు?”

“నేను వింటాను,” అంది ఆమె. “రోజూ రెండుసార్లు. అయిదింటిదాకా టైముంది. తలుపు వేసి వెళ్ళండి.”

ఆమె సంచీలోంచి పుస్తకం తీసింది. అట్ట చిరిగి, ప్లాస్టరుతో అతికించి ఉంది. కానీ కొత్త సాఫ్ట్‌వేరులో నాబ్ బొమ్మలు లేవు. అంకెల గళ్ళే ఉన్నాయి, సున్నా నుంచి వందదాకా. పదకొండున్నర అంటే ఎంత?

“పాత నాబ్ ఎక్కడ మొదలయ్యేది మేడమ్?” అని టెక్నీషియన్ అడిగాడు.

“ఏడు దగ్గర. పైనుంచి తిరిగి అయిదు దగ్గర ఆగేది.”

అతను వేళ్ళ మీద లెక్కపెట్టి నవ్వాడు. “ఏడు నుంచి అయిదుకి పది గంటలు. గంటకి పది చొప్పున వేసుకోండి. పదకొండున్నర అంటే నలభై అయిదు.”

ఆమె చదువుతుంటే అతను అంకెలు కొట్టాడు. తొమ్మిదికి ఇరవై. రెండుకి డెబ్భై. గొంతు మెల్లగా చిక్కబడింది. మిగతాది ఆమె చెవితో పట్టుకుంది: పాత పేరు ఒకటి, కొత్త పేరు ఒకటి, పక్కపక్కన వింటూ, ఒక అంకె పెంచి, రెండు తగ్గించి. రైలు గేటు కుదిరింది. కాలేజీ గేటు కుదిరింది. అన్నం డబ్బా తెరవనేలేదు. నాలుగు కావస్తుండగా పదమూడు పేర్లు అయ్యాయి.

అప్పుడు ఫోను మోగింది. పక్కింటావిడ.

“అమ్మాయ్, ఒకసారి ఇంటికి రామ్మా. మీ అత్తగారు భోంచేసి కుర్చీలో కూర్చుంది. పిలిస్తే పలకలేదు. డాక్టరు కూడా వచ్చి చూశాడు. పోయిందమ్మా. బాధ పడలేదులే. నిద్రపోతున్నట్టే ఉంది.”

ఆమె లేచి నిలబడింది. ఎదురుగా తెర మీద ‘పాత ఆస్పత్రి’ మిగిలి ఉంది. ఇప్పుడు వదిలేస్తే అయిదింటికి ఊళ్ళోని బస్సులన్నింటిలోంచీ ఆవిణ్ణి దించేస్తారు.

“దగ్గరే కూర్చోండి పిన్నిగారూ. అరగంటలో వస్తాను,” అని మళ్ళీ కూర్చుంది.

ఏడుస్తూనే పనిచేసింది. దాచుకోలేదు, తుడుచుకోలేదు. టెక్నీషియన్ ఆమె చెప్పిన అంకెలు కొట్టాడు. ఈల సగం తగ్గింది, ముప్పావు తగ్గింది. పూర్తిగా పోయినప్పుడు గొంతు కూడా ఎవరిదో అయిపోయింది. ఆమె ఒక్క అంకె వెనక్కి జరిపింది. ఈల పిసరంత మిగిలింది. అదీ ఆవిడ.

ఓనరును పిలిచి పాతవీ కొత్తవీ కలిపి ఆరు పేర్లు వినిపించింది. “కొత్తవేవో చెప్పండి.”

అతను రెండు చెప్పాడు. రెండూ పదిహేడేళ్ళ నాటివి. ఇంకోసారి వినిపించమన్నాడు, విన్నాడు, మెడ రుద్దుకుని, “పంపించెయ్ అక్కా,” అన్నాడు.

ఆమె పంపింది. తర్వాత సెట్టింగుకు ‘అత్త’ అని మాత్రమే పేరు పెట్టింది. ఈసారి అంకెల ఫోల్డరు కూడా కాపీ చేసి, పక్క గదిలోని కంప్యూటరులో తెరిచి, ఒక్కొక్క గడి చూసుకుంది. పుస్తకంలోనూ రాసింది, గడియారం గంటల లెక్కలోనే. అప్పుడు సంచీ భుజానికి తగిలించుకుంది.

“మా అత్తయ్య పోయింది,” అంది. “నేను వెళ్తున్నాను. రేపటి నుంచి ఆ పేర్లు బస్సుల్లో వినబడాలి. ఎవరైనా తీసేశారని తెలిస్తే నేనే బస్సు బస్సూ ఎక్కి ఆ పేర్లు అరుస్తాను.”

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగిపోయాక ఓనరు లైట్లు ఆర్పడానికి రికార్డింగు గదిలోకి వెళ్ళాడు. అలవాటు కొద్దీ పీటను తొయ్యడానికి కాలు ముందుకు చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. ఎత్తు కుర్చీ కింద పీట పొద్దున ఆమె పెట్టిన చోటే ఉంది, రెండు మడమలు ఆనిన చోట రంగు అరిగి, లోపలి చెక్క కనిపిస్తూ.