తలుపు నంబరు 27/4

నోటి దాకా వచ్చిన ఉద్యోగాన్ని ఎవరో లాగేశారని జెబమలర్‌కు గట్టి నమ్మకం. ఆ ఎవరో పక్కింటి రంజనే అని ఇంకా గట్టి నమ్మకం.

సర్కారు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు. పరీక్ష పాసైంది, సర్టిఫికెట్లు చూశారు, ఇక మిగిలింది పోలీసు విచారణ ఒక్కటే. ఆర్.ఎస్. పురం ప్రైవేటు ల్యాబులో డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఉత్తరం వచ్చి ఉంది. ఇచ్చిన చిరునామాలో నివాసం ధ్రువపడలేదట. అరవై రోజుల్లో సరిచేసుకోకపోతే ఎంపిక రద్దట. తను పుట్టి పెరిగిన ఇంట్లో తను లేదని ఎవరు చెప్పినట్టు?

రంజని కూతురు త్రిష కూడా అదే పరీక్ష రాసి తప్పింది. ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి రంజని పలకరిస్తే ఆరా తీస్తోందనుకుంది, పలకరించకపోతే తప్పు చేసిన మొహమనుకుంది. రంజని గిన్నెలో చేపల కుళంబు పంపితే ఆ పులుసును మూత కూడా తీయకుండా తిప్పి పంపింది.

స్టేషన్‌కు వెళితే రైటర్ పళనివేల్, రిపోర్టు చూపించడం కుదరదని తమిళంలో తేల్చేశాడు. ఎవరు చెప్పారో తెలుసుకుని ఏం చేస్తావమ్మా అని అతను అడిగిన తీరు కూడా ఆమెకు నచ్చలేదు. వీళ్ళంతా ఒకటే అనుకుంది. ఊరుకునే రకం కాదు కనుక సమాచార హక్కు కింద దరఖాస్తు రాసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, రిజిస్టర్ పోస్టులో పంపింది.

తల్లి వీరాయికి మాత్రం ఇది గిట్టలేదు.

"పోలీసోళ్ళ కాగితం మనకెందుకు అమ్మిణీ? సుమ్మా ఉండు, కదిలించొద్దు."

"ఎవురు చెప్పినారో తెలియాల మా."

వీరాయి ఆకువక్క పెట్టె ముందేసుకుని కూర్చుంది.

ముప్పై రెండో రోజున కవరు వచ్చింది. రిపోర్టులో పేర్ల మీద నల్లసిరా పూశారు, తలుపు నంబర్లు మాత్రం వదిలేశారు. జెబమలర్ వాకిట్లో నిలబడే చదివింది.

తలుపు నంబరు 27/5, స్త్రీ: ఆ అమ్మాయిని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మంచి పిల్ల. డ్యూటీకి వెళ్ళింది, ఏడింటికి వస్తుంది.

తలుపు నంబరు 27/4, స్త్రీ, సుమారు అరవై ఏళ్ళు: ఆ పేరు గలవాళ్ళు ఎవరూ ఇక్కడ లేరు. ఎప్పుడూ లేరు.

ఇద్దరి మాటలూ పొసగనందున నివాసం ధ్రువపరచలేదు.

27/5 రంజనిది. 27/4 రేకు తన తలుపు మీదే ఉంది. తిప్పి పంపిన గిన్నె గుర్తొచ్చి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ వెనకే కోపం తన్నుకొచ్చింది.

"నువ్వేనా మా?"

వీరాయి బుకాయించలేదు. "నేనే. టోపీ పెట్టుకోని వచ్చి నీ పేరు అడిగె. లేదంటిని."

"ఉద్యోగం మా అది, గవర్నమెంట్ వేలై. ఇచ్చేదానికే వచ్చినాడు ఆయన."

"ఎందుకొచ్చినామని వాళ్ళు చెప్తారా?" వీరాయి వక్క కత్తిరించడం ఆపింది. "అప్పుడొకసారి ఇట్లే టోపీవాళ్ళొచ్చి మీ నైనను అడిగితే, ఉండాడు సార్, లోపల ఉండాడని నేనే చూపిస్తిని. ఎవురో చేసిన దొంగతనం అది. పట్టుకోని పోయిరి, మూడు దినాలకు కుంటుకుంటా వచ్చె. అప్పట్నుంచి మన వీధిలో ఎవురి పేరు అడిగినా లేరనేదే."

తండ్రి దొరై సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడనే జెబమలర్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. చచ్చేదాకా ఆయనా అదే చెప్పాడు. ఆమె కాగితం మడిచి, తల్లి పక్కన కూర్చుంది. కాసేపటికి లేచి రంజని ఇంటికి వెళ్ళి, అక్కా, ఆ కుళంబు ఇంకా ఉందా అని అడిగింది. రంజని ముందు నాలుగు తిట్టి, తర్వాత అన్నం పెట్టింది.

మళ్ళీ విచారణకు అర్జీ పెట్టుకుంది. శనివారం ఉదయం కానిస్టేబుల్ బండి దిగి, జెబమలర్ అనే ఆమె ఉందా అని వాకిట్లో ఉన్న వీరాయినే అడిగాడు. లోపల జెబమలర్ గడప దాకా వచ్చి ఆగింది. తల్లి అతని టోపీనే చూస్తూ ఉండిపోయింది. పక్కింటి గుమ్మంలోకి రంజని వచ్చి నిలబడింది.

"ఉంది సార్," అంది వీరాయి చివరికి. "నా కూతురే. లోపల ఉంది."

జెబమలర్ బయటికొచ్చి సంతకం పెడుతున్నంతసేపూ వీరాయి ఆమె ఎడమ చేతి మణికట్టు వదల్లేదు. బండి మలుపు తిరిగి, దాని చప్పుడు కూడా వినబడకుండా పోయాకే వదిలింది. మణికట్టు మీద నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలాయి.