ప్లాట్‌ఫారం చివరి బెంచీ

"జర నవ్వు మొఖం పెట్టు, అందరొచ్చే టైమయింది" అన్నాడు మా ఆయన విన్సెంట్, నేను ఉప్మాకు ఉల్లిగడ్డలు తరుగుతుంటే. ఉల్లిగడ్డలు తరుగుతూ నవ్వే ఆడది ఎక్కడైనా ఉందా అసలు? నెక్కొండ బడిలో సాయంత్రం దాకా పాఠాలు చెప్పి, పాసింజర్ బండిలో నిలబడి వచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చాను. ఆ రోజు వరంగల్ మట్టెవాడలో మా ఇంట్లో చర్చి సంఘం వాళ్ల ప్రార్థన. ఆ ఒక్క రోజే కాదు, ఆ వారమంతా. అదీ నాకోసమే.

ఎందుకో చెప్తాను. అంతకుముందు నెల మా బడికి ఎవరో సారు వచ్చి, ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో క్లాసు చెప్పాడు. "సుప్రియా మేడం, సారుకు చాయ్ బిస్కెట్ల సంగతి జర చూడుండ్రి" అన్నాడు హెడ్మాస్టరు. పక్కనే కాళ్లు చాపుకుని కూర్చున్న మగ టీచర్లెవరూ ఆయన కంటికి ఆనలేదు. కాబట్టి నేను విన్నది సగం క్లాసే, అదీ గుమ్మంలో ట్రే పట్టుకుని. "రోజుకు ఒక్క అరగంట మీకోసం మీరు ఉంచుకోండి" అన్నాడా సారు. ఆ మాట నన్ను వదల్లేదు. నాకోసం అరగంట! ఇంట్లోనా? బాత్రూంలోకి వెళ్లినా "సుప్రియా, నా బీపీ గోలి ఏడవెట్టినవ్" అని తలుపు కొడుతుంది మా అత్త హన్నమ్మ. ఒకసారి తలనొప్పితో నడుం వాల్చితే, "మేం పొద్దంత మిర్చి ఏరొచ్చినా గిట్ల పండలే. కుర్చీల కూసోని పాఠం చెప్పెటోళ్లకు అలుపేందో!" అంది.

అందుకని వరంగల్ స్టేషన్‌లో బండి దిగాక వెంటనే బయటికి రాకుండా, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను. అంతే. ఫోను చూడను, కాపీలు దిద్దను. ఒక చాయ్ తాగుతాను, నేను పెట్టని చాయ్. డోర్నకల్ వైపు బండ్లు పోతుంటాయి. వాటిల్లో ఎవరికీ నాతో పని లేదు. అబ్బ, ఎంత హాయో! ఆ కాసేపు దొరికిన రోజు ఇంటికి వెళ్లి మనిషిలా మాట్లాడగలిగేదాన్ని. బండి లేటయిందని అబద్ధం మాత్రం చెప్పేదాన్ని. ఏం చేయను మరి?

మా సంఘ పెద్ద యోసేపు అంకుల్ ఎవరినో రైలెక్కించడానికి వచ్చి నన్ను చూశాడట. పలకరించి ఉంటే బాగుండేది. పలకరించలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక విన్సెంట్‌ను పక్కకు పిలిచి, "పట్టాల దిక్కు చూసుకుంట ఒక్కతే కూసుంటాంది. మనసుల ఏం పెట్టుకున్నదో, జర చూసుకో తమ్మీ" అన్నాడు.

ఇంటికొచ్చి విన్సెంట్ నన్నేమని అడిగాడనుకున్నారు? "నీకేం తక్వ చేసిన? నా ఇజ్జత్ తీస్తానవ్" అన్నాడు. అలసిపోతున్నాను, కాసేపు కూర్చుంటున్నాను, ఇంకేం లేదని చెప్పాను. "అలిసిపోతె ఇంటికొచ్చి కూసో" అన్నాడు. ఎక్కడ కూర్చోను, పొయ్యి గట్టు మీదా? నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. అది చూసి తనకు నిజంగానే భయమేసింది. ఆ భయం అబద్ధమని నేననను. ఆ భయంతోనే సంఘంలో ప్రార్థన మనవి పెట్టాడు. ఆడవాళ్లు నన్ను పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వారం రోజులు సాయంత్రం ప్రార్థన మా ఇంట్లోనే అని అందరూ కలిసి ఖాయం చేశారు, సరిగ్గా నేను బండి దిగే వేళకు. ఇరవై మందికి చాయ్, ఉప్మా.

అట్లా ఆ మొదటి రోజు, "ఈ బిడ్డ భారం తీసెయ్ ప్రభువా" అని యోసేపు అంకుల్ ముందు గదిలో ప్రార్థిస్తుంటే, నేను వంటింట్లో పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. "ఆమేన్" కూడా అక్కడి నుంచే అన్నాను. అందరూ వెళ్లాక గిన్నెలు తోముతుంటే మా అత్త వచ్చి నా మొహంలోకి చూసింది. "జర హుషారైనవ్ బిడ్డా. దేవుడు విన్నడు" అంది. నాకు కళ్లు తిరిగి సింకు పట్టుకున్నాను.

మర్నాడు బండి దిగాను. అలవాటైన భయంతో గేటు దాకా వెళ్లాను కూడా. అక్కడ ఆగిపోయాను. ఇంకా ఆరు రోజులు ఇలా నిలబడితే నేను నిజంగానే పడిపోతాను, అప్పుడు ఎవరి ప్రార్థనా నన్ను లేపదు అనిపించింది. వెనక్కి తిరిగి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఫోను మోగింది, విన్సెంట్.

"ఏడున్నవ్? అందరొచ్చిండ్రు."

"స్టేషన్ల."

"సుప్రియా, ఆణ్నే ఉండు. పట్టాల దిక్కు పోకు. నేనొస్తాన."

"రాకు. నాకేం కాలే. చాయ్ తాగుతాన."

ఊపిరి పీల్చుకున్నట్టున్నాడు. "మరి ఈడ చాయ్ ఎవరు పెట్టాలె? ప్రార్థన నీకోసమే గద!"

"నాకోసమే అయితె మొదలుపెట్టుండ్రి" అన్నాను. "నేనీడ బాగయితాన."