పచ్చ చీటీ

బుధవారం వచ్చిందంటే కర్టెన్లమ్మకు గడప దాటబుద్ధయ్యేది కాదు. ఆమె అసలు పేరు ఆ హాల్లో ఎవరికీ పట్టలేదు. కర్టెన్లు కుట్టిస్తుంది కాబట్టి కర్టెన్లమ్మ, అంతే.

పొద్దున్న ఏడింటికల్లా హోటల్ మేడమీద ముప్ఫైమంది వ్యాపారులు పేరూ వ్యాపారమూ రాసిన బ్యాడ్జీలు తగిలించుకుని కూడేవారు. చెయ్యి ఇస్తారు గానీ మొహం చూడరు, చూపంతా బ్యాడ్జీ మీదే. అందులో పనికొచ్చే ముక్క కనిపించకపోతే నవ్వు సగంలోనే ఆరిపోతుంది. చెయ్యి మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంటుంది. థూ, అదొక పలకరింపా!

అయినా వెళ్లక తప్పలేదు. ఆమె కొట్లో నాలుగు కుట్టుమిషన్లుంటే రెండు మూలన పడ్డాయి. మూడు నెలల్లోగా ఒక పెద్ద పని దొరక్కపోతే, పదేళ్లుగా తన దగ్గర కుడుతున్న అక్కచెల్లెళ్లిద్దరినీ మానిపించాలి.

ఆ సంఘానికి ఒక నియమం ఉంది. ప్రతివారం ప్రతి సభ్యుడూ ఇంకో సభ్యుడికి ఒక పచ్చ చీటీ ఇవ్వాలి. 'ఫలానావారికి మీ పని అవసరం' అని అందులో రాయాలి. వట్టిచేతులతో వచ్చినవాడు లేచి నిలబడి అందరికీ క్షమాపణ చెప్పాలి. "ముందు బంధం, తర్వాతే బేరం" అంటూ అధ్యక్షుడు గంట కొడతాడు. ఆయన బీమా మనిషి. బంధం కలిపిన రెండో నిమిషానికే మన ఆయుష్షు గురించి అడుగుతాడు.

మొదటి వారం రంగుల షాపాయన ఇచ్చిన చీటీ చూసి ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. ఫోన్ చేస్తే అవతల ఒక ముసలాయన, "మా ఇంటికున్నవే రెండు కిటికీలు తల్లీ, నీకెవరు చెప్పారు?" అన్నాడు. రంగులాయన్ని నిలదీస్తే ఇకిలించాడు.

"ఏదో ఒకటి రాసివ్వాలి కదండీ. మీరు మరీను!"

ఆ రోజు నుంచి వచ్చిన చీటీని వచ్చినట్టే, చదవకుండా సొరుగులో పడేసేది. నలుగురితో పాటు నారాయణా అని తనూ దొంగ చీట్లు రాయడం మొదలుపెట్టింది. తాళాలు బాగుచేసే ఆయనకైతే, 'మా పెదనాన్నగారి వీధితలుపు తాళం పాడైంది' అని రాసిచ్చింది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నిలదీసే రకం కాదని ఏరి మరీ ఆయనకిచ్చింది.

మూడో నెల చివరి బుధవారం, ఎక్కువ చీట్లు ఇచ్చినందుకు రంగులాయనకు షీల్డు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. తన చేతులూ కొడుతున్నాయని చూసుకుని ఆమె చటుక్కున ఆపేసింది. బ్యాడ్జీ పీకేసి మెట్లు దిగిపోయింది.

వెనకాలే తాళాలాయన ఆయాసపడుతూ వచ్చాడు. "ఒక్క నిమిషం అమ్మా. ఆ బడివాళ్ల పని ఎందుకు వద్దనుకున్నారు?"

"ఏ బడి అన్నయ్యగారూ?"

"రెండు నెలల కిందట చీటీ ఇచ్చానుగా! కొత్తగా కట్టారు. తాళాలు బిగించడానికెళ్తే కిటికీలన్నీ బోసిగా ఉన్నాయి. అరవై కిటికీలమ్మా! మీ పేరు చెప్పాను. మీ ఫోన్ కోసం చూసి చూసి, పోయినవారం ఇంకెవరికో ఇచ్చేశారట. ఆమెకు చేతినిండా పనుందేమోలెండి అని వాళ్లకు సర్దిచెప్పా."

"అరవై కిటికీలా!" అంది ఆమె.

"అన్నట్టు, మీ పెదనాన్నగారింటికి కూడా వెళ్లొచ్చానండోయ్. తాళం శుభ్రంగానే ఉంది. పాపం పెద్దాయన, ఏదో అనుకుని మీకు చెప్పుంటారు. రెండు బస్సులు మారి వెళ్లాను కదా, ఊరికే రావడమెందుకని ఇంట్లో తాళాలన్నిటికీ నూనె వేసొచ్చా."

ఆయన మొహంలో ఎత్తిపొడుపు కోసం ఆమె వెతికింది. ఉంటే బాగుండును. లేదు.

కొట్టుకు వచ్చి సొరుగు నేలమీద బోర్లించింది. చీట్ల కుప్పలో ఒకటి గుండ్రటి అక్షరాలతో దొరికింది. బడి చిరునామా, పెద్ద టీచరమ్మ నంబరు, ఎప్పుడు ఫోన్ చేస్తే దొరుకుతారో ఆ వేళ. అడుగున ఇంకో ముక్క: 'మీ కుట్టు గట్టిది. నేను చూశాను.' ఎప్పుడో కొట్టు తాళం బాగుచేయడానికి వచ్చినప్పుడు చూసి ఉంటాడు. ఇన్నాళ్లూ ఆ హాలును చూసి అసహ్యించుకుంది. ఇప్పుడా అసహ్యం తన ఒంటికే అంటుకుంది.

"అక్కా, ఈ వారమన్నా ఏమైనా తగిలిందా?" అని అక్కచెల్లెళ్లలో చిన్నది మిషన్ దగ్గర నుంచే ఆమెను అడిగింది.

ఏముంది, అంతా అబద్ధాల మూక అని ప్రతివారం చెప్పే మాటే నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగేసింది.

"తగిలింది. రెండు నెలల కిందటే తగిలింది. చదవకుండా నేనే పారేశాను."

పెద్దది కుట్టడం ఆపింది.